తీసేసిన మట్టెలు

రెండో కాలివేలి నుంచి గర్భసంచికి ఒక నరం పోతుందనీ, అందుకే ఆ వేలికి మట్టె పెడతారనీ చెప్పేవాళ్లు ఊరికొకరుంటారు. అలాంటి నరమేదీ లేదు. ఆ సంగతి హైమావతికి తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. అయినా ఆడవాళ్ల క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరికరాన్ని మట్టెలా చేద్దామని విశాఖ పరిశోధనశాలలో మొట్టమొదట అన్నది ఆమే.

ఆమె ఆలోచన వెనకున్నది నరం కాదు, జీడిపిక్కలు. హైమావతి పుట్టింది పలాసలో. తల్లి షెడ్డులో పిక్కలు కొట్టేది. తల్లి పోయాక అప్ప పైడమ్మ ఆ పీట మీదే కూర్చుని, పిక్కలు కొట్టి చెల్లెల్ని చదివించింది. ఆ పని చేసే ఆడవాళ్లు ఎంత బూడిద రాసుకున్నా జీడి నూనెకి వేళ్లు నల్లబడి తోలు లేచిపోతుంది. ఆ చేతికి ఉంగరం నిలవదు, గాజు పనికి అడ్డం. మెడలో గొలుసుంటే ఇంటికి కష్టమొచ్చిన రోజున అన్నిటికంటే ముందు గడప దాటేది అదే.

"మట్టెలొక్కటే మేడం, వాటిని ఎవరూ తీయరు," అంది హైమావతి.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ వసుంధర ఆ మాటకి మురిసిపోయింది. ఆమె పాతికేళ్లుగా ఆడవాళ్ల జబ్బులకి వైద్యం చేసిన మనిషి, కోపమూ జాలీ రెండూ ఎక్కువే. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లు. అందరి ఇళ్లలోనూ అమ్మమ్మలూ మేనత్తలూ ఉన్నారు. "ఎవరూ తీయరు" అన్న మాట దగ్గర ఒక్కరైనా ఆగి ఆలోచించారా అంటే, లేదు.

మట్టె పైకి మామూలు వెండిదే. లోపలివైపు సన్నని పొర ఒకటి చెమటని రుచి చూస్తుంది. గర్భసంచి ముఖద్వారంలో కణాలు దారి తప్పితే వాటి జాడ రక్తంలోకీ, రక్తంలోంచి చెమటలోకీ అతి కొద్దిగా వస్తుంది. ఆ కొద్దినే ఇది పట్టుకుంటుంది. నెలకోసారి షెడ్డు గుమ్మంలో పెట్టిన పలక మీద నిలబడితే చాలు, ఎదురుగా దీపం వెలుగుతుంది. పలక బియ్యం తూచే కాటాలా ఉంటుంది కనక ఆడవాళ్లు దాన్ని కాటా అనే పిలిచారు.

మొదటిరోజు అందరికంటే ముందు ఎక్కింది పైడమ్మే.

"ఒలే హైమా, తూకమెంతేటే?"

"తూకం కాదప్పా. నీ లోపలి సంగతి సెప్తాది."

"నా లోపలి సంగతి ఇన్నేళ్లయి మీ బావకే తెలీలేదు, దీనికెలా తెలుస్తాదే?"

షెడ్డంతా నవ్వింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. పైడమ్మ కాటా దిగి, చెల్లెలి బుగ్గ పుణకబోయి, చేతికి జీడి నూనె ఉందని గుర్తొచ్చి మోచేత్తో పొడిచింది.

ఆకుపచ్చంటే భయం లేదు. ఎరుపంటే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఈ రెండిటితో గొడవ లేదు, గొడవంతా మధ్యలో ఉన్న నారింజతో. కణాలు కొన్ని దారి తప్పాయి, కానీ వాటంతట అవే తిరిగి రావచ్చు, చాలామందికి వస్తాయి కూడా. కొందరికి మాత్రం ఏళ్లు గడిచాక క్యాన్సరవుతుంది. నారింజ వెలిగినవాళ్లతో వసుంధర స్వయంగా మాట్లాడింది. "కంగారు లేదు, ఆరు నెలలు చూద్దాం. తగ్గకపోతే చిన్న వైద్యం చేస్తే సరిపోతుంది," అని చెప్పింది. వాళ్లు సరేనంటూ తలూపారు. తలూపి, తిన్నగా ఏదో ఒక నర్సింగ్ హోముకి పోయి గర్భసంచి తీయించేసుకున్నారు.

"పిల్లల్ని కనీసినాం గదమ్మా. ఇంక ఉంచుకుని ఏటి సేస్తాం?" అన్నారు అడిగితే.

"గోటితో పోయేదానికి గొడ్డలి పెట్టుకుంటున్నారు," అని వసుంధర తల కొట్టుకుంది. ఆ ఏడాది ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చివరికి సన్యాసమ్మ అనే ఆమె, నిండా ముప్ఫై అయిదేళ్లు లేవు, ఆపరేషన్ బల్ల మీదే పోయింది. ఆమె మట్టె తెప్పించి పలక మీద పెట్టి చదివారు. చనిపోయేనాటికి సన్యాసమ్మ దీపం తిరిగి ఆకుపచ్చకి వచ్చేసింది. వసుంధర ఆ ఇంటికి వెళ్లొచ్చి, గది తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు.

బయటికి వచ్చాక కొత్త నియమం చెప్పింది. ఇకమీదట నారింజ ఆడవాళ్లకి కనపడకూడదు. ఆరు నెలల తేడాతో రెండుసార్లు నారింజ వస్తే అప్పుడు ఆమెని పిలిపించి దగ్గరుండి వైద్యం చేయిద్దాం. ఈలోగా అది పరిశోధనశాలకి మాత్రమే తెలియాలి.

"మరి ఈలోగా కాటా మీద ఏ దీపం వెలగాలి మేడం?" అని అడిగింది హైమావతి.

"ఆకుపచ్చ."

కాటాకి ఆ అబద్ధం నేర్పింది హైమావతే. ఎవరూ బలవంతపెట్టలేదు. సన్యాసమ్మ పిల్లల్ని చూసొచ్చినవాళ్లకి అది అబద్ధంలా అనిపించలేదు, జాలిలా అనిపించింది. జాలితో ఆడే అబద్ధానికి రాత్రిళ్లు నిద్ర కూడా బాగానే పడుతుంది.

ఆపరేషన్లు తగ్గిపోయాయి. పెద్ద సభల్లో వసుంధర మాట్లాడితే చప్పట్లు కొట్టారు. దీనికి తోడు కాటాల లెక్కలతో వేసిన గీతల్లో ఇంకో వింత కనపడింది. నలభై అయిదు దాటినవాళ్లలో మొదటి నారింజ వచ్చాక రెండో నారింజ చాలా తక్కువమందికి వస్తోంది. వయసు మీరేకొద్దీ వాటంతట అవే సర్దుకుంటున్నాయన్నమాట. తొందరపడకుండా మంచి పని చేశామని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మధ్యలో మానేసినవాళ్ల మట్టెలు ఊళ్లలోంచి తిరిగొచ్చేవి. వాటిని అట్టపెట్టెలో వేసి, పెట్టె మీద "మానేసినవారు" అని రాసి బీరువా కింద పెట్టారు. వాటి అతుకుల్లో ఏదో పచ్చని మురికి పట్టి ఉండేది. శుభ్రం చెయ్యకుండా పంపుతున్నారని హైమావతి ఊళ్లలో పరిశోధనశాల తరఫున పనిచేసే అమ్మాయిల మీద రెండు మూడుసార్లు విసుక్కుంది కూడా.

ఆ చలికాలంలో బావ తవిటయ్య పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మరి లేవలేదు. పదోరోజుకి హైమావతి పుట్టింటి చీర పట్టుకుని పలాస వెళ్లింది. పుట్టిల్లంటూ ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

తెల్లవారకముందే ఇంటి వెనక నూతి దగ్గర పైడమ్మని పీట మీద కూర్చోబెట్టారు. చేసేవాళ్లంతా ముసలివాళ్లు, అందరూ ముందే భర్తని పోగొట్టుకున్నవాళ్లు. ఆఖరిసారి కదా అని కాళ్లకి చిక్కగా పసుపు రాశారు. పూలు పెట్టారు, రెండు చేతులా గాజులు వేశారు, ఇంత బొట్టు పెట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కటే తీసేశారు. మట్టె ఊడలేదు, వేలు వాచి ఉంది. ఒకామె నూనె రాసి, అటూ ఇటూ తిప్పి లాగింది.

"ఇది మీ ఆపీసుదే కదమ్మా, పట్టుకుపో," అని హైమావతి అరచేతిలో పెట్టింది.

పైడమ్మ ఏడవలేదు. ఖాళీ అయిన వేలి కేసి చూసుకుంటూ కూర్చుంది. ఏడ్చింది హైమావతే, అదీ నలుగురూ ఊరుకోబెట్టాల్సినంత.

విశాఖ వచ్చాక మట్టెని పెట్టెలో వేద్దామని బీరువా కిందికి వంగింది. పెట్టె మూత తీసింది. చేతిలో మట్టె, పెట్టెలో మట్టెలు. అప్ప మట్టె అతుకులో పసుపు ఎండి అంటుకుని ఉంది. పెట్టెలోంచి ఇంకొకటి తీసింది. దాని అతుకులోనూ అదే. గోటితో గీకి వాసన చూసింది. ఇంకొకటి తీసింది. తర్వాత ఇంకొకటి. అన్నిటికీ లేదు గానీ, సగానికి పైగా ఉంది.

హైమావతి పెట్టెలోవన్నీ నేల మీద ఒంపేసింది. వీళ్లెవరూ మానేసినవాళ్లు కాదు, మొగుడు పోయినవాళ్లు. జబ్బు ముదిరే వయసూ, మట్టెలు ఊడదీసే వయసూ మన ఊళ్లలో దగ్గర దగ్గరే. గీతలో రెండో నారింజ రాకపోవడానికి కారణం కణాలు సర్దుకోవడం కాదు, చూడ్డానికి కాలికి మట్టె లేకపోవడం. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఆఖరిసారి కాటా దిగేటప్పుడు ఆకుపచ్చ చూసుకుని నిశ్చింతగా ఇంటికి పోయినవాళ్లే.

అప్ప మట్టెని పలక మీద పెట్టి చదవడానికి ఆమె చాలాసేపు తటపటాయించింది. వైద్యానికి పిలిపించాల్సినప్పుడు తప్ప పేర్లు చూడకూడదన్నది అక్కడి నియమం. పేరుతో పనేముంది, మట్టె చేతిలోనే ఉంది. చివరికి పెట్టి చూసింది. నాలుగు నెలల కిందటి నుంచీ నారింజే. ఆ మట్టె తిరిగి పెట్టెలోకి పోలేదు. హైమావతి దాన్ని రుమాల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

వసుంధర అంతా విని, పెట్టె తెప్పించి మట్టెల్ని తనే ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. తప్పు ఒప్పుకోవడానికి వెనకాడే మనిషి కాదామె.

"అందర్నీ పిలిపిద్దాం. రేపే మొదలుపెడదాం," అంది. "ఏదో మామూలు పరీక్ష అని చెప్పి పిలుద్దాం. నారింజ సంగతి ఇప్పుడే ఎత్తొద్దు."

"మళ్లీనా మేడం?"

"సన్యాసమ్మని మర్చిపోయావా హైమా? ఇంతమందికి ఒకేసారి చెబితే ఎంతమంది ఎక్కడెక్కడికి పరిగెడతారో ఆలోచించు."

"సన్యాసమ్మకి మనం సగమే చెప్పాం మేడం. నారింజంటే ఏమిటో చెప్పాం. ఆ ఆపరేషన్ చేయించుకుంటే ఏమవుతుందో, ఎక్కడ చేయించుకుంటే ఏం ప్రమాదమో చెప్పలేదు. వద్దని మాత్రం చెప్పాం."

"చెబితే మాత్రం వింటారా?"

"ఏమో. చెప్పి చూడలేదుగా," అంది హైమావతి. ఆ రోజే కాటాకి నేర్పిన అబద్ధాన్ని తీసేసింది. వసుంధర అడ్డు చెప్పలేదు.

హైమావతి పలాస వెళ్లేసరికి పైడమ్మ వంటింటి గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మొగుడు పోయినామె మూల కూర్చోవాల్సిన రోజులు, పనికి పోనివ్వరు. హైమావతి ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. నారింజంటే ఏమిటో, దానికి పరీక్ష ఎలా చేస్తారో, ఎంత భయపడాలో, ఎంత భయపడక్కర్లేదో, అన్నీ. పైడమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపింది.

"నాను ఆకుపచ్చ సూసినానే," అంది చివరికి. "నా రెండు కళ్లతో సూసినాను."

"అది... మేమే అలా పెట్టినాం అప్పా."

"మేమంటే?"

"నేనే పెట్టాను."

పైడమ్మ చెల్లెలి కేసి చూసింది. కోప్పడుతుందనుకుంది హైమావతి. తిడితే బాగుండుననీ అనుకుంది.

"ఎందుకే?"

"భయపడిపోయి ఆపరేషన్ చేయించేసుకుంటారని."

"సరే. మరి ఈ మట్టె సంగతేటి? ఆ ఏలికి పెడితేనే పనిచేస్తాదా?"

"లేదు. ఏ వేలికైనా పనిచేస్తాది. బొటనవేలికి ఇంకా బాగా పనిచేస్తాది."

"మరి మట్టెలాగ ఎందుకు సేసినారు?"

"మట్టెయితే మీరు తీయరని."

వీధిలో ఎవరో పిక్కల బస్తా దింపుతున్న చప్పుడు వినపడింది.

"తీయొద్దని మమ్మల్ని అడిగితే ఉంచుకోమేటే?" అంది. "ఇది మట్టె కాదు, మందులాటిది, మొగుడున్నా పోయినా కాలికి ఉంచుకోండి అని ఒక్కమాట సెప్తే, ఆ ముసిలోళ్లకి నానే సెప్పుకుందును కదా. బొటనేలికి పెట్టుకుందును."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో హైమావతికి ఆ గడపలో తెలిసింది.

తర్వాతి వారాల్లో పెట్టెలోని మట్టెల ఇళ్లన్నీ తిరిగారు. ఈసారి వసుంధరే ముందు నడిచింది. ప్రతి ఇంట్లో కూర్చుని, మంచీ చెడ్డా రెండూ చెప్పింది, వాళ్లు అడిగినవాటికి ఓపిగ్గా జవాబిచ్చింది. పారిపోయి ఆపరేషన్లు చేయించుకుంటారనుకున్నవాళ్లలో చాలామంది పరీక్షకి వచ్చారు, చిన్న వైద్యం చేయించుకుని ఇంటికి పోయారు. ఒకామెకి ఎరుపుదాకా వెళ్లిపోయింది. టెక్కలి దగ్గర ఎర్నమ్మ అనే ఆమె ఇంటికి వెళ్తే, గోడకి మొగుడి పటం పక్కనే ఆమె పటమూ ఉంది. కోడలు మంచినీళ్లిచ్చి, "అత్తకి ఏటీ లేదనే కదమ్మా మీ కాటా సెప్పింది?" అంది. ఊరికే అడిగింది, నిష్ఠూరమాడడానికి కాదు. వసుంధర ఆ నీళ్లు తాగలేక గ్లాసు కింద పెట్టేసింది.

పరికరం రూపు మార్చారు. ఇప్పుడది నున్నటి తెల్ల చుట్టు, బొటనవేలికి పెట్టుకుంటారు. మొగుడున్నవాళ్లూ, పోయినవాళ్లూ, పెళ్లికానివాళ్లూ, అందరూ పెట్టుకుంటున్నారు. పెట్టుకునేముందు మూడు దీపాలూ వెలిగించి చూపించి, ఏది ఏమిటో చెప్పి, ఇష్టమేనా అని అడుగుతున్నారు.

పైడమ్మ పరీక్ష ఫలితం విశాఖ పెద్దాసుపత్రిలో వచ్చింది. ఇది ప్రాణభయంతో చదవాల్సిన కథ కాదు కనక ముందే చెప్పేస్తాను, ఆమెకి క్యాన్సర్ కాలేదు. కణాలు బాగానే దారి తప్పాయి గానీ గీత దాటలేదు. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ కుర్చీ దగ్గరికి జరుపుకుని బొమ్మ గీసి మరీ చెప్పింది.

"రెండు దారులున్నాయి పెద్దమ్మా. ఒకటి, ముఖద్వారంలో ఇంత ముక్క తీసేస్తాం. ఆ రోజే ఇంటికి పోవచ్చు. కాకపోతే కొన్నేళ్లపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, మళ్లీ రావచ్చు కనక. రెండోది, గర్భసంచి తీసేయడం. అది పెద్ద ఆపరేషన్. మత్తుతో, రక్తంతో ప్రమాదాలుంటాయి, నెలన్నర బరువెత్తకూడదు. కొందరికి తర్వాత మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. అది చేసినా అప్పుడప్పుడూ చూపించుకోవాలి గానీ, ఇంత తరచుగా అక్కర్లేదు. నన్నడిగితే మొదటిదే చాలంటాను. నిర్ణయం మాత్రం మీదే."

పైడమ్మ శ్రద్ధగా విని చాలా ప్రశ్నలు అడిగింది. ముక్క తీస్తే నొప్పెంత? మళ్లీ వస్తే ఏం చేస్తారు? పెద్ద ఆపరేషన్లో ఎంతమందికి ఏమవుతుంది? ఈ ఆస్పత్రిలో చేసేదెవరు? ఆఖరున, "ఆరు నెలలకోసారి ఈశాకపట్నం రావాలా?" అంది.

"అక్కర్లేదు. మీ షెడ్డులో కాటా ఉందిగా, ఈ హైమావతిగారిదే. నారింజ వెలిగితే అప్పుడు రండి."

పైడమ్మ చెల్లెలి కేసి చూసి, చూపు తిప్పేసుకుంది.

"తీసీండమ్మా," అంది డాక్టరమ్మతో. "పెద్దదే సెయ్యండి."

హైమావతి ఉలిక్కిపడింది. "అప్పా! గోటితో పోయేదానికి..."

"తెలుసే. ఈవిడ అంతా సెప్పింది, నాను అంతా యిన్నాను. ముక్క తీసినా సాలు, నాకు తెలుసు." పైడమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కానీ ఆరు నెలలకోసారి ఆ కాటా ఎక్కాల. అది ఆకుపచ్చే ఎలిగిందనుకో. ఆ రేత్తిరి నాకు నిద్దరొస్తాదేటే?"

"ఇప్పుడది నిజమే చెప్తాది అప్పా. నేనే మార్చాను. ఒట్టు."

"నువ్వు మార్సినావు. నాకూ తెలుసు. నువ్వంటే నమ్మకం లేక కాదు, నిన్ను పెంచినదాన్ని." పైడమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఆ దీపాన్నే ఇంక నమ్మలేను. ఏటి సెయ్యను చెప్పు."

గర్భసంచులు కాపాడడానికే కదా కాటాకి ఆ అబద్ధం నేర్పింది. ఆ మాట గుర్తొచ్చినా హైమావతి పైకి అనలేదు. అక్కడ అనాల్సిన మాట అది కాదని ఆమెకి అప్పటికి తెలిసింది. డాక్టరమ్మ రెండోసారి కూడా అడిగింది, పైడమ్మ రెండోసారీ అదే చెప్పింది. కాగితం మీద తన పేరు తనే రాసింది, నల్లటి వేళ్లతో, అక్షరం అక్షరం కూడబలుక్కుని. సాక్షిగా హైమావతి కింద సంతకం పెట్టింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న పైడమ్మని తోపుడుబల్ల మీద పడుకోబెట్టాక నర్సొకామె దగ్గరికొచ్చింది.

"ఒంటి మీద గాజులూ మట్టెలూ ఏమన్నా ఉంటే తీసి మీవాళ్లకి ఇచ్చెయ్యమ్మా," అంది.

"నా ఒంటి మీద ఏటీ లేవు తల్లీ," అంది పైడమ్మ. "మట్టె మా సెల్లి కాడే ఉంది."

బల్ల లోపలికి వెళ్లిపోయింది. హైమావతి చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని, దాన్ని తెరవకుండా, తలుపుల కేసి చూస్తూ కూర్చుంది.